చివరి మాత్ర ఏ తేదీన అయిపోతుంది? సరిహద్దు జిల్లాల్లో మహమ్మారి, మనసు, మందు

ముందు ఒక చిన్న లెక్క. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే ఒకరికి విశాఖపట్నం డాక్టరు రోజుకొకటి చొప్పున నెలకు 30 మాత్రలు రాశారనుకోండి. 2020 మార్చి 15 రాత్రి మొదటిది వేసుకుంటే చివరిది ఏప్రిల్ 13 రాత్రి పడుతుంది. మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ ఏప్రిల్ 14తో అయిపోతుందన్నారు కదా, ఒక్కరోజు తేడాలో ఏముందిలే అని ఇంట్లోవాళ్లు ధీమాగానే ఉంటారు. ఆ గడువు మే 3కి జరిగింది, తర్వాత 17కి, ఆ తర్వాత 31కి. మొత్తం 48 రోజులు మందు లేదు. రైళ్లు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి. కూతవేటు దూరంలో ఆంధ్రలో ఉన్న పాతపట్నం ఒక్కసారిగా వేరే రాష్ట్రమైపోయింది.

మహమ్మారి కాలంలో మానసిక ఆరోగ్యం అనగానే ఒంటరితనం, ఆందోళన, ప్రాణాయామం గురించి బోలెడు రాశారు. అవన్నీ అవసరమే. కానీ ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలకు దెబ్బ తగిలేది చాలాసార్లు పైన చెప్పిన లెక్కలాంటి చోట. సాయం ఎక్కడో ఉంటుంది. అది నాలుగు చేతులు మారి మనిషిదాకా రావాలి. ఆ చేతులు మారేటప్పుడే జారిపోతుంది. మన వైపు అది జారే చోట్లు ముఖ్యంగా రెండు: సరిహద్దు, భాష.

సాయం అంటే ఏమేమిటి

విపత్తుల్లో మానసిక సాయం గురించి 2007లో ఐక్యరాజ్యసమితి సంస్థలూ పెద్ద సేవాసంస్థలూ కలిసి ఒక మార్గదర్శిని తయారుచేశాయి. అందులోని బొమ్మ నాలుగు అంతస్తుల పిరమిడ్. అడుగున తిండి, నీళ్లు, భద్రత, నమ్మదగ్గ సమాచారం. దాని మీద కుటుంబం, ఇరుగుపొరుగు, ఊరు. మూడోది కాస్త శిక్షణ ఉన్నవాళ్లు చేసే సాయం, అంటే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు. కొసన సైకియాట్రిస్టు. పైకి పోయేకొద్దీ అవసరపడేవాళ్లు తగ్గుతారు. అడుగు అంతస్తు కూలితే మాత్రం పైనున్న ఇరుకు గదిలోకి జనం ఎగబడతారు.

మామూలు రోజుల్లోనే ఆ పైగది చాలదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. దాని మీద మహమ్మారి వచ్చిపడింది. మొదటి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, డిప్రెషన్ దాదాపు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో అంచనా వేసింది. ఇంతమందికి సైకియాట్రిస్టులను ఎక్కణ్ణుంచి తెస్తారు? కాబట్టి కింది మూడు అంతస్తులే ఆదుకోవాలి.

ఈ కోణంలోంచి చూస్తే ఒడిశా ప్రభుత్వం 2020లో చేసిన రెండు పనులు నిజానికి మానసిక ఆరోగ్య చర్యలే, పేరు అది కాకపోయినా. ఏప్రిల్‌లో సర్పంచులకు వాళ్ల పంచాయతీ పరిధిలో కలెక్టరు అధికారాలు ఇచ్చారు. బయటినుంచి తిరిగొచ్చి క్వారంటైన్ పూర్తిచేసినవాళ్లకు 2,000 రూపాయలు ఇస్తామన్నారు. సూరత్ మరమగ్గాల నుంచి జేబులో పైసా లేకుండా గంజాం చేరిన మనిషికి, ఇంటికి వట్టి చేతులతో వెళ్లనక్కర్లేదన్న భరోసా కంటే పెద్ద కౌన్సెలింగ్ లేదు. క్వారంటైన్ మనసు మీద చేసే పని గురించి 2020 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. గడువు ఎక్కువ కావడం, సరుకులు చాలకపోవడం, సమాచారం సరిగ్గా లేకపోవడం, డబ్బు నష్టం, ఊరివాళ్ల వెలి: మనిషిని నలిపేవి ఇవని అందులో తేల్చారు. వీటిలో మాత్రతో పోయేది ఒక్కటీ లేదు. 14 రోజులని చెప్పి లోపలికి పంపి, మధ్యలో గడువు మారిస్తే, ఆ మార్పు చెప్పే పద్ధతిలోనే సగం గొడవ ఉంటుంది. ఎందుకు మారిందో, కొత్త తేదీ ఏదో, ఆ తేదీన ఎవరు వచ్చి తాళం తీస్తారో కాగితం మీద రాసి గోడకు అంటించిన కేంద్రానికీ, కాపలావాడి నోటిమాటతో సరిపెట్టిన కేంద్రానికీ చాలా తేడా ఉంటుంది.

మందు ఆగితే ఏమవుతుంది

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం తెలుగువాళ్లకు పెద్దాసుపత్రి అంటే తరతరాలుగా విశాఖపట్నమే. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు ఎవరినడిగినా తెలుస్తుంది, పిచ్చాసుపత్రి అన్న పేరుతోనే అయినా. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్‌లో 2017 నుంచి మరో మెడికల్ కాలేజీ ఉంది. అయినా తెలుగులో మాట్లాడే డాక్టరు, చుట్టాలింట్లో బస, నలుగురి కంట పడకుండా వెళ్లిరావడం, ఈ మూడూ దొరికేది అవతలి వైపే. సరిహద్దు మూసుకున్న రోజున ఈ అలవాటే ఎదురు తిరిగింది.

మందు ఆగిపోతే అందరికీ ఒకేలా ఉండదు. అత్యవసరం ఎవరిదో పోల్చుకోవాలంటే ఈ తేడా తెలియాలి.

డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో తల తిరుగుడు, వికారం, తలలో కరెంటు కొట్టినట్టు జర్రుమనడం మొదలవుతాయి. ప్రాణం మీదకు రాదు గానీ, కొందరు దాన్నే కరోనా అనుకుని ఇంకా భయపడతారు. స్కిజోఫ్రీనియా మందులు ఆపితే మొదటివారం బాగానే ఉన్నట్టుంటుంది. అదే మోసం. మందు లేకపోయినా పర్లేదు అని ఇంట్లోవాళ్లు అనుకునేలోగా నిద్ర తగ్గుతుంది, అనుమానాలు మొదలవుతాయి, వారాలు గడిచేసరికి జబ్బు పూర్తిగా తిరగబెట్టవచ్చు. అన్నిటికంటే తొందర పడాల్సింది చాలాకాలంగా నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు వాడేవాళ్ల విషయంలో. అల్ప్రజోలం, క్లోనజెపామ్ వంటివి ఒక్కసారిగా ఆపితే మూర్ఛ రావచ్చు. వీటిని వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించాలే తప్ప నిలిపేయకూడదు.

బైపోలార్ జబ్బుకు లిథియం వాడేవాళ్లది ఇంకో చిక్కు. ఈ మందు రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1 మిల్లీమోల్ మధ్య ఉండాలి, 1.5 దాటితే విషం. చివరి మోతాదు పడ్డ 12 గంటలకు రక్తం తీసి చూస్తారు. జ్వరం, విరేచనాలు, ఏప్రిల్ ఎండలో చెమట, వీటిలో ఏదైనా ఒంట్లో నీరు తగ్గించి ఈ మట్టాన్ని పైకి నెడుతుంది. ఒళ్లునొప్పులకని షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా అదే పని చేస్తాయి. కోవిడ్ జ్వరం వస్తే ఈ రోగికి పారాసెటమాల్ మాత్రమే ఇవ్వాలి, నీళ్లు బాగా తాగించాలి. చేతులు పెద్దగా వణుకుతూ, మాట ముద్దగా వస్తూ, నడక తూలుతుంటే తర్వాతి మోతాదు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పరీక్ష లేక, లాబ్ మూసి ఉంటే, డాక్టరుతో మాట్లాడకుండా మోతాదు పెంచడం తగ్గించడం చేయకూడదు.

వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడేవాళ్లు కొద్దిమందే ఉంటారు గానీ, తప్పులు జరిగేది వీళ్ల దగ్గరే. 48 గంటలకు మించి మందు తప్పిపోతే పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, 12.5 మిల్లీగ్రాముల నుంచి మెల్లగా ఎక్కాలి. జ్వరం వస్తే ఇదీ కరోనాయే అని కొట్టిపారేయకుండా తెల్లకణాల లెక్క చూడాలి. ఎవరికీ తట్టని సంగతి ఇంకొకటి: బీడీలు, సిగరెట్లు బాగా తాగే మనిషి క్వారంటైన్‌లో అవి దొరక్క మానేస్తే, రక్తంలో క్లోజపిన్ మట్టం పెరుగుతుంది. పొగ ఆ మందును త్వరగా కరిగించేది, ఇప్పుడు ఆ పొగ లేదు. మనిషి మత్తుగా, చొంగ కారుస్తూ కూర్చుంటే కారణం ఇదీ కావచ్చు.

మరి మందు ఎలా తెప్పించాలి? చట్టం ఈ విషయంలో అనుకున్నదానికంటే ఉదారంగా ఉంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టరు దేశంలో ఏ మూలనున్న రోగినైనా ఫోన్ మీదా వీడియోలోనూ చూడవచ్చు, చీటీ రాసి ఫొటో పంపవచ్చు. విశాఖ డాక్టరు రాసిన చీటీ రాయగడ మందుల షాపులో చెల్లుతుంది. చెల్లకపోవడానికి సాధారణంగా కారణం చీటీలోనే ఉంటుంది: రిజిస్ట్రేషన్ నంబరు కనబడదు, తేదీ ఉండదు, కంపెనీ పేరు మాత్రమే రాసి ఉంటుంది, ఆ కంపెనీ సరుకు ఇటు రాదు. మందు అసలు పేరు, మోతాదు పెద్ద అక్షరాల్లో ఉంటే ఏ కంపెనీదైనా ఇవ్వవచ్చు. ఒక అడ్డంకి మాత్రం నిజమైనదే. మత్తుమందుల చట్టం పరిధిలోకి వచ్చేవాటిని ఫోన్ మీద రాయకూడదని ఆ మార్గదర్శకాలు చెప్పాయి, నిద్రమాత్రలు చాలావరకు ఆ జాబితాలోనివే. అందుకే ఒక్కసారిగా ఆపకూడని మందే అన్నిటికంటే కష్టంగా దొరికేదైంది. అలాంటివారికి దగ్గర్లోని పీహెచ్‌సీ డాక్టరు కళ్లారా చూసి రాయడం ఒక్కటే దారి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక ఔషధాలు ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) నుంచి పై ఆసుపత్రులన్నిట్లో రోగికి ఉచితంగా దొరకాలి. ఒడిశాలో ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇచ్చే నిరామయ కౌంటర్లు 2015 నుంచి ఉన్నాయి. స్టాకు లేదన్నప్పుడు ఊరికే వెనక్కి రాకుండా, లేదన్న మాట చీటీ మీద రాసి ఇమ్మని అడగాలి. మందు పంపమని పైకి ఇండెంటు పెట్టించడానికి ఆ కాగితమే పనికొస్తుంది. ఇక సంక్షోభం లేని రోజుల్లో ప్రతి ఇంటా చేయాల్సిన పని ఒకటుంది. అట్టలో పది మాత్రలు మిగిలినప్పుడు వెళ్లడం మానేసి, 30 మాత్రలు మిగిలినప్పుడే వెళ్లడం. అలా నెలరోజుల నిల్వ ఎప్పుడూ ఇంట్లో ఉంటుంది, తుపాను వచ్చినా పనికొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసిన గజపతి వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆత్మహత్య ఆలోచనలున్న మనిషి ఉన్న ఇంట్లో మాత్రం ఈ నిల్వ వేరొకరి చేతిలో, తాళంలో ఉండాలి.

మూడో రాత్రి

బడినో, తుపాను ఆశ్రయాన్నో క్వారంటైన్ కేంద్రంగా మార్చి యాభై మందిని పెట్టారనుకుందాం. అక్కడ గొడవ జరిగే రాత్రి దాదాపు ముందే చెప్పవచ్చు. మూడోది.

రోజూ సారా తాగే మనిషి, జీలుగు కల్లు మీదే పొద్దు గడిపే మనిషి ఒక్కసారిగా మానితే ఆరు నుంచి పన్నెండు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజులోపు మతి తప్పుతుంది: గోడ మీద పురుగులు కనబడతాయి, లేని మనుషులతో మాట్లాడతాడు, గేటు దూకి పారిపోబోతాడు, ఒళ్లు కాలిపోతుంటుంది. దీనికి పక్కన ఉన్నవాళ్లు పెట్టే పేర్లు మూడు. జ్వరం చూసినవాళ్లు కరోనా అంటారు. మాటలు విన్నవాళ్లు గాలి సోకిందంటారు. పోలీసులు తాగుబోతు వేషాలంటారు. ముగ్గురూ తప్పే. చికిత్స లేకపోతే ప్రాణం పోయే స్థితి ఇది. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పంపాలి. అక్కడ డయాజెపామ్ లేదా లోరాజెపామ్‌తో శాంతింపజేస్తారు. గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజక్షన్ ఇవ్వాలి. నీరసంగా ఉన్నాడని ముందే గ్లూకోజు సీసా తగిలిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. పల్లెల్లో ఆర్‌ఎంపీలు తెలియక చేసే తప్పు సరిగ్గా ఇదే.

దీన్ని ఆపడానికి ఖర్చు లేదు. కేంద్రంలో చేరే రోజు పేరు, ఊరు రాసుకునే రిజిస్టరులోనే మూడు ప్రశ్నలు కలపాలి. రోజూ తాగుతారా, చివరిసారి ఎప్పుడు? ఫిట్స్, మనసు, నిద్ర మందులేవైనా వాడుతున్నారా, ఎన్ని మాత్రలు మిగిలాయి? ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి? మొదటి ప్రశ్న నలుగురి ముందు అడిగితే అబద్ధం వస్తుంది, వరండా చివరకు పిలిచి అడగాలి. అవునన్నవాళ్లను మొదటి నాలుగు రోజులు గుమ్మం దగ్గర, దీపం ఉన్నచోట పడుకోబెట్టి రోజుకు మూడుసార్లు చూసుకోవాలి.

ముసలివాళ్ల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. నిన్నటిదాకా మామూలుగా ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి ఈ రాత్రి కొడుకును గుర్తుపట్టకపోయినా, పగలు కాస్త తెరిపిగా ఉండి సాయంత్రం మళ్లీ అయోమయంగా మాట్లాడినా అది పిచ్చి కాదు, డెలీరియం. కారణం ఒంట్లో ఉంటుంది: ఆక్సిజన్ తగ్గడం, మూత్రం ఆగడం, సోడియం పడిపోవడం. వేలికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి 94 కంటే తగ్గిందేమో చూడడం మొదటి పని. కోవిడ్‌కు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు కూడా నిద్ర పట్టకపోవడం, అతిహుషారు, అనుమానాలు కనిపించవచ్చు. ఆ మాత్ర పొద్దున్నే వేస్తే నిద్ర కొంత దక్కుతుంది.

పీహెచ్‌సీలో సైకియాట్రిస్టు లేడు కాబట్టి మేం చేయి వేయం అనే మాటకు చట్టంలో చోటు లేదు. అత్యవసరమైతే రిజిస్టరైన ఏ డాక్టరైనా, రోగి తరఫు ప్రతినిధి దగ్గరుంటే అతని సమ్మతితో, 72 గంటల దాకా చికిత్స చేయవచ్చని 2017 చట్టం 94వ సెక్షన్ చెబుతోంది. గొలుసులతో కట్టేయడం అదే చట్టం కింద నిషిద్ధం.

ఏ భాషలో అడుగుతున్నారు?

డిప్రెషన్‌ను పసిగట్టడానికి అన్నిటికంటే చిన్న పరికరం పీహెచ్‌క్యూ-2. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా ఉండడం, ఈ రెండూ ఎన్నాళ్లు ఉన్నాయో అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 3 లేదా ఆపైన వస్తే తొమ్మిది ప్రశ్నల పెద్ద జాబితాకు వెళ్లాలి. ఆశా కార్యకర్త రెండు నిమిషాల్లో అడగగలదు. మరి ఎందుకు పనిచేయదు?

దాన్ని పుస్తకభాషలో చదివి వినిపిస్తారు కాబట్టి. "మీకు నిరాశా నిస్పృహలు కలుగుతున్నాయా?" అంటే గుణుపురం చుట్టుపక్కల ముసలమ్మ "ఏటీనేదమ్మా" అనేస్తుంది. అదే మనిషిని "అమ్మా, ఒంట్లో ఎలాగుంది? అన్నం సయిస్తందా? తెల్లారగట్ల మెలకువొచ్చేసి మరి నిద్దర పట్టట్నేదా?" అని అడిగితే పావుగంట చెబుతుంది. మన దగ్గర బాధ ముందు ఒంట్లోకి దిగుతుంది: గుండె గుబగుబలాడడం, కాళ్లు చేతులు లాగడం, ఒంట్లో మంటలు, కడుపులో తిప్పినట్టుండడం. అక్కణ్ణుంచి "పనులు చేసుకోబుద్ధవుతోందా? మనవలు వచ్చినా మునుపట్లా సంతోషంగా ఉంటోందా?" అని ప్రశ్నను మనసు వైపు తిప్పవచ్చు. ప్రశ్న అర్థం మారకూడదు, మాట మారవచ్చు.

ఒడియా-తెలుగు మధ్య జారుళ్లు వేరే రకం. చింత, భయం, దుఃఖం రెండు భాషల్లోనూ ఉన్నాయి కాబట్టి పెద్ద ఇబ్బంది లేదనిపిస్తుంది. "మొనొ ఖొరాప్" అంటే మనసు బాగోలేదని అందరికీ తెలుస్తుంది. కానీ తల తిరుగుతోందా అని అడగడానికి "ముండొ బులాఉచి కి?" అంటారు. ఒడియాలో ముండొ అంటే తల. ఒడియా రాని తెలుగు పెద్దావిడ చెవికి అది ఎలా తగులుతుందో విడమరిచి చెప్పనక్కర్లేదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సు మీద అలాంటి అపార్థంతో మొదలైన సంభాషణ ఇక ముందుకు సాగదు.

గజపతి, రాయగడ కొండల్లో ఇంకో మెట్టు ఎక్కువ. సవర, కువి మాట్లాడేవాళ్లలో చాలామందికి సంతభాష తెలుగు. డాక్టరు ఒడియా, రోగి సవర, మధ్యలో తెలుగు వచ్చిన దుకాణదారు. ఇలా రెండుసార్లు మారిన మాటలో కాళ్ల నొప్పి మిగులుతుంది గానీ "బతకాలని లేదు" అన్నది మిగలదు. అందుకని మధ్యవర్తిని ఎంచుకోవడంలో కొన్ని పట్టింపులు ఉండాలి. భర్త, అత్త, పిల్లలు అనువాదకులుగా పనికిరారు. ఇంట్లో హింస ఉంటే అది ఎప్పటికీ బయటకు రాదు. వేరే వాడ అంగన్‌వాడీ కార్యకర్త మేలు. ఆమెకు ముందే చెప్పాలి: రోగి "నేను" అంటే నువ్వూ "నేను" అనే చెప్పు, మంచిమాటలు కలపకు, ఏడిస్తే ఆగు. ఇది దయతో చేసే ఏర్పాటు అనుకోకూడదు. చికిత్స వివరాలు తనకు అర్థమయ్యే భాషలో, రూపంలో తెలుసుకోవడం రోగి హక్కు అని 2017 చట్టం 22వ సెక్షన్‌లో ఉంది.

ఫోన్ ఎత్తాక

2020లో అప్పటికప్పుడు పెట్టిన హెల్ప్‌లైన్లతో నెట్టుకొచ్చారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ మొదలైంది. నంబరు 14416, ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, భాష ఎంచుకోవచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణుడికి కలుపుతారు. తెలుగు ఎంచుకుంటే అవతలి మనిషికి గజపతి జిల్లాలో ఏ ఆసుపత్రిలో ఏముందో తెలియకపోవచ్చు. కాబట్టి మొదటి వాక్యంలోనే జిల్లా, బ్లాకు, దగ్గరి సీహెచ్‌సీ పేరు చెప్పాలి. వాడుతున్న మాత్రల అట్ట చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. ఫోన్ మీద జరిగేవి ఓదార్పు, అంచనా, దారి చూపడం. ఊగిపోతున్న మనిషిని ఆపడం, విషం తాగినవాళ్లను బతికించడం ఫోన్ పని కాదు. వాటికి 108, 112.

ఇటునుంచి ఫోన్ చేసి పలకరించే వలంటీర్లు నేర్చుకోవాల్సింది ముందుగా రెండు ప్రశ్నలు: "ఇప్పుడు మాట్లాడ్డానికి వీలుందా? పక్కన ఎవరైనా ఉన్నారా?" ఉన్నారంటే అవును, కాదు అని జవాబిస్తే సరిపోయేలా అడగాలి. ఒక గదిలో ఆరుగురున్న ఇంట్లో ఆడపిల్ల మనసు విప్పి మాట్లాడగలిగేది నీళ్లకు వెళ్లినప్పుడే. ఆ వేళ కనుక్కుని అప్పుడే చేయాలి. ఇంట్లో కొడుతున్నారంటే 181, పిల్లలకు 1098.

చావు గురించి అడగడానికి అందరూ జంకుతారు, లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అలా పుట్టదు. "ఇంత కష్టంలో కొందరికి చచ్చిపోవాలనిపిస్తుంది. మీకూ అలా అనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగవచ్చు. అవునంటే ఎలా అని ఆలోచించారా, ఎప్పుడు అనుకున్నారు, అందుకు కావలసినవి ఇంట్లో ఉన్నాయా అని తెలుసుకోవాలి. జవాబులు ఎంత స్పష్టంగా ఉంటే ప్రమాదం అంత దగ్గర్లో ఉన్నట్టు. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పత్తి పండించే రాయగడ పల్లెల్లో పురుగుమందు డబ్బాలు మంచం కిందే ఉంటాయి, వాటిని ఆ పూటే వేరే ఇంటికి చేర్చాలి. "ఇంత చిన్నదానికా", "పిల్లల మొహం చూడు" లాంటి మాటలు నోరు మూయిస్తాయి, ఆలోచనను ఆపవు. ఎవరైనా విషం తాగితే పైకి బాగానే కనిపించినా డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంటి దగ్గర వాంతి చేయించకూడదు. పోలీసు కేసు భయంతో ఆలస్యం చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఆసుపత్రివాళ్లు కాగితాల మీద రాసుకోవడం వేరు, శిక్ష వేరు.

చూపు దక్కని చావు

కోవిడ్ మృతదేహాల మీద కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చిలోనే నిబంధనలు విడుదల చేసింది. సిబ్బంది సంచి జిప్పు తీసి మొహం చూపించవచ్చు. శరీరాన్ని తాకకుండా మంత్రాలు చదవడం, తీర్థం చల్లడం చేయవచ్చు. చితాభస్మం వల్ల ఏ ప్రమాదమూ లేదు, అస్థికలు ఏరుకోవచ్చు. ఈ మూడు ముక్కలు చాలా ఇళ్లకు చేరలేదు. చేరనివ్వనిది కొన్నిచోట్ల భయం, కొన్నిచోట్ల అజ్ఞానం. ఊళ్లోకి బూడిద రానివ్వమన్న మాటకు ఒక ముద్రవేసిన కాగితం జవాబుగా దొరికితే ఆ కుటుంబం దుఃఖం వేరుగా ఉండేది. మరణవార్త చెప్పే నర్సు చేతిలో ఈ మూడు వాక్యాలు తెలుగులో, ఒడియాలో ఉన్న కాగితం ఉండాలి. పదో రోజు జరగని ఇంట్లో నెలలు గడిచినా చేసుకోవచ్చని పురోహితుడి చేత చెప్పించడం కౌన్సెలర్ మాట కంటే బాగా పనిచేస్తుంది. చూపు దక్కనివాళ్లలో కొందరికి "నేను పంపించేశాను" అన్న నేరభావం ఉండిపోతుంది. ఆరు నెలలు దాటినా ఇంట్లో పనులు సాగక, చనిపోయినవాళ్ల గురించే రోజంతా గడుస్తుంటే డాక్టరుకు చూపించాలి.

ఇవన్నీ చేయాల్సిన ఆశాలు, శ్మశాన సిబ్బంది, సర్పంచుల గురించి చప్పట్లతో సరిపెట్టారు. వాళ్లకు కావలసింది వారానికొక సెలవు, సమయానికి గౌరవ వేతనం, "ఈ ఇంటికి నేను వెళ్లలేను" అని చెప్పగలిగే ఒక పైఅధికారి.

ఇక పంచాయతీ గోడమీద 14416 అని పెయింటుతో రాయించే ముందు ఒక చిన్న పని ఉంది. రేషన్ డిపో దగ్గర, బోరింగు దగ్గర, బడి వెనక ఎక్కడ సిగ్నల్ అందుతుందో చూసి, అక్కణ్ణుంచి మామూలు బటన్ ఫోనుతో ఆ నంబరుకు ఒకసారి చేయాలి. తెలుగు ఎన్నో నొక్కుడుకు వస్తుందో, ఎంతసేపటికి మనిషి పలుకుతారో రాసుకోవాలి. అప్పుడు గోడ మీద నంబరుతోపాటు "తెలుగుకు ఇది నొక్కండి" అన్న ముక్క కూడా రెండు లిపుల్లో రాయించవచ్చు. మెనూలు మారుతుంటాయి కాబట్టి ఆరు నెలలకోసారి మళ్లీ చేసి చూడాలి.